పది గోల్స్ తిన్న కోచ్

ఫుట్‌బాల్ అంటే మన హాస్టల్లో పీలే, మారడోనా, మెస్సీ. కోపా అమెరికా కోసం తెల్లవారుజామున అలారం పెట్టుకునేవాళ్ళున్నారు. పీలే వెయ్యి గోల్స్ లెక్కలో ఫ్రెండ్లీ మ్యాచ్‌లు కలపాలా వద్దా అని రూమ్ మొత్తం రెండు పార్టీలైపోతుంది. అదే రూమ్‌లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఎవరని అడిగితే, 2024లో వచ్చిన 'మైదాన్' చూసినవాళ్ళు అజయ్ దేవగణ్ కదా అంటారు. చూడనివాళ్ళు ఫోన్ తీస్తారు. ఆయన మన హైదరాబాద్ మనిషి, స్కూల్ టీచర్. గోల్స్ కొట్టి పేరు తెచ్చుకున్నవాడు కాదు, కొట్టేవాళ్ళను తయారు చేసినవాడు.

రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, ఉస్మానియా జట్టుకే ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. అలాంటిది ఈ పోలీసోళ్ళు బొంబాయి వెళ్ళి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చారు. డ్యూరాండ్ కప్ కూడా 1950, 1954, 1957ల్లో గెలిచారు.

ఎలా గెలిచారన్నదే నాకు ఆసక్తిగా అనిపించింది. రహీమ్ సాబ్ హైదరాబాద్‌లో వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బాల్ కాలికి తగలగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకొకదాంట్లో అలవాటైన కాలితో తన్నకూడదు, రెండో కాలితోనే ఆడాలి. మా అవుకులో ఫుట్‌బాల్ ఆడేదే తక్కువ, క్రికెట్ ముందు ఏ ఆటా నిలబడదు. ఆడిన నాలుగు రోజులు కూడా బాల్ ఎటు పోతే ఇరవై మందిమి అటే పోయేవాళ్ళం, బాల్ ఎవరిదో వాడు చచ్చినా పాస్ ఇవ్వడు. కాబట్టి డ్రిబ్లింగ్ బంద్ అన్న రూల్ విలువ నాకు బాగా అర్థమైంది. చెప్పి మార్చలేని అలవాటును ఆయన రూల్ పెట్టి మార్చారు. టీచర్ బుర్ర అది.

1951లో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్. ఫైనల్లో ఇరాన్ మీద 1-0, మేవాలాల్ గోల్. కోచ్ రహీమ్, మనకు గోల్డ్. దేశమంతా సంబరం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. కోచ్ అదే రహీమ్. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా, ఆ చలిలో ఉత్త కాళ్ళతో ఆడారు.

ఇవాళైతే ఆ రాత్రికే మీమ్స్ వచ్చేసేవి, తెల్లారేసరికి కోచ్ పోస్టు ఊడేది. కానీ రహీమ్ సాబ్ ఆ స్కోరును ఎర్రర్ లాగ్ లాగా చదివారని నాకనిపిస్తుంది. ఫుట్‌బాల్ సమాఖ్య ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేసింది. బూట్లు కొనిస్తే సగం పనే అవుతుంది. ఆట పద్ధతి మార్చడం మిగతా సగం, అది ఆయన పని. ఆ ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టిన హంగరీ వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడేవాడు. ఆ ఎత్తు మన జట్టులోకి వచ్చింది. తర్వాత 4-2-4 కూడా. 1958 ప్రపంచకప్‌లో పదిహేడేళ్ళ పీలేతో బ్రెజిల్ ఆడి గెలిచింది ఆ పద్ధతిలోనే.

ఫలితం 1956లో కనిపించింది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ సొంత గడ్డ మీద 4-2తో కొట్టాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్, ఒలింపిక్స్‌లో ఒక ఆసియా ఆటగాడి మొదటి హ్యాట్రిక్. సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనదే, చివరికి 4-1తో ఓడాం. నాలుగో స్థానం. పది గోల్స్ తిన్న నాలుగేళ్ళకే ఇది.

ఆ జట్టులో తులసీదాస్ బలరామ్ అని ఇరవై ఏళ్ళ కుర్రాడున్నాడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. ఇంట్లో డబ్బుల్లేవు, ప్రాక్టీస్‌కి రావడానికి దారి ఖర్చు కూడా కష్టం. సైకిల్ అద్దె డబ్బులు రహీమ్ సాబే ఇచ్చి రప్పించుకున్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద మన గోల్స్ కొట్టింది ఆ అబ్బాయే.

ఇక 1962, జకార్తా. అప్పటికే రహీమ్ సాబ్ ఊపిరితిత్తులు పాడైపోయాయి, దగ్గు ఆగేది కాదు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచాం గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. సెమీస్‌కి ఇంకెవరైనా అయితే జర్నైల్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఈయన కుట్లున్న మనిషిని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. డిఫెండర్‌ని! దక్షిణ వియత్నాం మీద 3-2, అందులో జర్నైల్ గోల్ ఒకటి.

ఫైనల్ మళ్ళీ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన అధికారి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో అక్కడి జనం మన మీద మండిపోతున్నారు. సెప్టెంబర్ 4న సుమారు లక్ష మందితో నిండిన స్టేడియం మన జట్టుకు ఈలలు, అరుపులు. ఫైనల్ ముందు రోజు రాత్రి రహీమ్ సాబ్ కుర్రాళ్ళను తనకు గోల్డ్ కానుకగా ఇవ్వమని అడిగారంటారు. ఇరవై నిమిషాల్లో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఇంకొకటి. కొరియా ఒకటి తిరిగి కొట్టింది, అంతే. 2-1.

1963 జూన్ 11న ఆయన కేన్సర్‌తో పోయారు. యాభై మూడేళ్ళు. అదే ఏడాది బలరామ్ కూడా జబ్బు చేసి, ఇరవై ఏడు నిండకుండానే ఆట మానేశాడు.

ఆయన తయారు చేసిన తరం ఊపు ఇంకొన్నాళ్ళు నడిచింది. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం. కానీ 1960 తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ మొహం చూడలేదు. ఒక్క మనిషి బుర్రలో నడిచిన సిస్టమ్‌కి బ్యాకప్ తీసిపెట్టుకోవాలన్న ఆలోచన సమాఖ్యకు రాలేదు, నా కోపం అక్కడే. 1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కంచు వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఫార్వర్డ్ మహమ్మద్ హబీబ్, ఇద్దరూ హైదరాబాద్ వాళ్ళే. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు వచ్చిన ఆఖరి మెడల్ అదే.