పదార్థానికి కులం లేదని చూపిన ఆచార్యుడు

కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఒక కెమిస్ట్రీ అధ్యాపకుడు పాఠం చెబుతూ ఎముక ముక్కను మంటలో కాల్చేవారు. మిగిలిన తెల్లని బూడిదను చిటికెడు తీసి నోట్లో వేసుకునేవారు. ఆచారం, మడి ఉన్న ఇళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు నిర్ఘాంతపోయేవారు. జంతువుకు సంబంధించినదంతా కాలిపోయాక మిగిలేది చాలావరకు కాల్షియం ఫాస్ఫేటే. అది ఆవుదా, గుర్రానిదా అన్న ప్రశ్నకు ఇక అర్థం లేదు. పదార్థాన్ని గుర్తించాల్సింది దాని సంఘటనం, ధర్మాలను బట్టే తప్ప పుట్టుకను బట్టి కాదు. రసాయనశాస్త్రంలో మొదటి పాఠం ఇదే.

ఆ అధ్యాపకుడు ప్రఫుల్ల చంద్ర రే. నేటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో 1861 ఆగస్టు 2న పుట్టారు. ఎడింబరోలో 1887లో డీఎస్సీ పొందారు. అయినా వలస పాలనలో ఆంగ్లేయులకు దక్కే ఉన్నత శ్రేణి కొలువు ఆయనకు దక్కలేదు. 1889లో నెలకు 250 రూపాయల జీతంతో ప్రెసిడెన్సీలో చేరారు.

ఒకసారి పాదరసంపై చల్లని, సజల నత్రికామ్లం పోస్తే పసుపు స్ఫటికాలు కనిపించాయి. మొదట వాటిని క్షార లవణం అనుకున్నారు. కానీ అంత ఆమ్లంలో క్షార లవణం ఏర్పడడం మామూలు అనుభవానికి విరుద్ధం. తన ఊహనే అనుమానించి పరీక్షించారు. అవి మెర్క్యురస్ నైట్రైట్ స్ఫటికాలని తేలింది. 1896లో ఆ ఫలితాన్ని ప్రకటించారు.

తరగతిలో చూపిన ఎముక బూడిదే ఆయన పరిశ్రమకూ ముడిసరుకైంది. కసాయిల దగ్గర ఎముకలు కొని అద్దె ఇంటి మేడపై ఎండబెడితే, కంపు భరించలేక ఇరుగుపొరుగు గొడవ చేశారు. ఆ ఎముకల బూడిద నుంచి మందులకు కావలసిన ఫాస్ఫేట్లు తయారుచేశారు. అలా ఇంట్లో మొదలైన బెంగాల్ కెమికల్ 1901లో కంపెనీగా మారింది.

1902లో వెలువడిన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటంలో ఆయన ప్రాచీనుల ప్రతిభను కొనియాడి ఊరుకోలేదు. ఆ విద్య ఎందుకు క్షీణించిందో కూడా అడిగారు. కులవ్యవస్థ చేతిపనిని, ఆలోచనను విడదీసిందని, చేసేవాడు ఎందుకని అడగలేదని, అడగగలిగినవాడు చేయి పెట్టలేదని తేల్చారు. మేడపై ఎముకలు ఎండబెట్టిన మనిషికి ఆ మాట అనే అర్హత ఉంది.

మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఆయన శిష్యులు. అరవయ్యో ఏట నుంచి తన జీతాన్ని విశ్వవిద్యాలయానికే వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. 1944 జూన్ 16న, సైన్స్ కళాశాలలో తాను ఏళ్లుగా నివసించిన గదిలోనే కన్నుమూశారు.