డాక్టర్ పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ గారు – మన సిరొంచ రైతు పద్దు

ఉగాది నాడు పంచాంగశ్రవణములో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవియొగ్గి వింటాము. ప్రాణహితకు ఈవలి గట్టున, సిరొంచ తాలూకాలో వరి, పత్తి, మిరప పండించే మనవారూ వింటారు. కాని ఎకరానికి ఆదాయమెంత, వ్యయమెంత అని కాగితముపై పెట్టుకొనే ఇండ్లు తక్కువ. రైతు కష్టములో సగము ఆ పద్దులోనే దాగి ఉన్నదని గ్రహించిన ఒక పెద్దమనిషిని ఇక్కడ తలచుకొంటున్నాము. ఆయన తెలుగువారు కారు. అయినను మన సిరొంచ పొలాలు ఆయన పేరు పెట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయము పరిధిలోనివే.

పంజాబ్‌రావు గారు 1898 డిసెంబరు 27న అమరావతి జిల్లా పాపళ్ గ్రామములో, సేద్యము చేసుకొనే కుటుంబములో జన్మించారు. పూనా ఫెర్గూసన్ కళాశాలలో చదివి 1920లో సీమకు వెళ్ళారు. ఎడింబరోలో ఎం.ఏ. పట్టము, ఆపైన బారిస్టరు పట్టము, వేదవాఙ్మయములో మతముపై పరిశోధనకు డాక్టరేటు సంపాదించి 1926లో తిరిగి వచ్చారు. అంత చదివినవారు వకీలు వృత్తిలో హాయిగా ఉండవచ్చును. ఈయన అమరావతిలో పేద విద్యార్థులకు వసతిగృహము పెట్టారు. అంబాదేవి గుడిలోనికి హరిజనులకు ప్రవేశము కావాలని పోరాడారు. కులము పట్టింపు లేకుండ విమలాబాయి గారిని వివాహమాడారు. 1932లో నెలకొల్పిన శ్రీ శివాజీ విద్యాసంస్థ విదర్భలో రైతుబిడ్డలకు చదువుల తల్లి అయినది.

మనకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఆ రోజులలో సిరొంచ చాందా జిల్లాలోని తాలూకా. చాందా మధ్య పరగణాలలోనిది. 1930లో ఆ పరగణాల ప్రభుత్వములో పంజాబ్‌రావు గారు మంత్రి అయినారు. ధరలు పడిపోయి రైతులు సావుకార్ల చేత చిక్కిన కాలమది. 1933లో అక్కడ రుణ రాజీ చట్టము వచ్చినది. దానికై పట్టుబట్టినవారిలో ఆయన ముందువరుసవారు. అప్పుపడ్డ రైతు, అప్పిచ్చిన సావుకారు ఇద్దరూ తమ తమ లెక్కలను రాజీ బోర్డు ముందు పెట్టాలి. బోర్డు ఒప్పందము కుదిర్చి వాయిదాలు కడుతుంది. చట్టము అందరినీ గట్టెక్కించలేదు. కాని అంతకుముందు లెక్క సావుకారు ఖాతాలో మాత్రమే ఉండేది. రైతు తన ఆస్తి, తన అప్పు తానే చెప్పి వ్రాయించుకొనే పద్ధతి దీనితో వచ్చినది. మా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు.

స్వరాజ్యము వచ్చాక రాజ్యాంగ సభలో సభ్యులై, 1952 నుండి 1962 వరకు కేంద్రములో వ్యవసాయ మంత్రిగా పనిచేశారు. జపాను పద్ధతి వరిసాగును దేశమంతా ప్రచారము చేయించారు: ఎత్తైన నారుమళ్ళు, తక్కువ విత్తనము, వరుస నాట్లు, నడుమ కలుపుతీత. 1955లో భారత కృషక సమాజము స్థాపించారు. ఆ సమాజమే 1959 డిసెంబరులో ఢిల్లీలో ప్రపంచ వ్యవసాయ ప్రదర్శన జరిపినది; అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కూడ వచ్చారు. 1960లో పంత్‌నగరులో దేశపు మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయము తెరచినది ఆయన మంత్రిగా ఉండగానే. బోధన, పరిశోధనలతో పాటు ఆ విద్యను రైతు గడపకు చేర్చుట కూడ విశ్వవిద్యాలయము విధియే అనునది ఆ ఏర్పాటులోని కొత్తదనము. 1965 ఏప్రిల్ 10న ఆయన కాలము చేశారు. విదర్భ ప్రజల ఆందోళన తరువాత 1969 అక్టోబరు 20న అకోలాలో ఆయన పేర విశ్వవిద్యాలయము వెలసినది.

అకోలా సిరొంచకు దాదాపు 600 కిలోమీటర్లు. గడ్చిరోలి దగ్గర సోనాపూరులో ఆ విశ్వవిద్యాలయపు కృషి విజ్ఞాన కేంద్రమున్నది. అదీ మనకు 200 కిలోమీటర్లు. వారు వెలువరించే కృషి సంవాదిని మరాఠీలో ఉంటుంది. గోదావరి దాటితే కాళేశ్వరము. అక్కడి రైతులకు వారి విశ్వవిద్యాలయము తెలుగులో వ్యవసాయ పంచాంగము అచ్చు వేసి ఇస్తున్నది. బడిలో మరాఠీ నేర్చిన మన పిల్లలు మొదటిది చదువగలరు. పొలములో ఖర్చు పెట్టే పెద్దలకు రెండవదే అర్థమవుతుంది. కాని అందులోని లెక్కలు ఆవలి గట్టువి.

మన సంఘము ఒక చిన్న పద్దు పుస్తకము తెలుగులో అచ్చు వేయించవచ్చును. ఎడమ పుటలో విత్తనము, ఎరువు, మందు, కూలి, బాడుగ, వడ్డీ. కుడి పుటలో అమ్మిన బస్తాలు, ఇంటికి ఉంచుకొన్న గింజలు. మనవారు ఎన్నడూ వ్రాయని గళ్ళు రెండున్నవి: ఇంటిల్లిపాది చేసిన పనికి కూలి, సొంత భూమికి కౌలు. వ్యవసాయ అర్థశాస్త్రము తెలిసినవారు వానిని కూడ ఖర్చులోనే కలుపుతారు. అవి కలిపితే లాభమని తలచిన పంట నష్టముగా తేలవచ్చును. పుస్తకము సిద్ధమయితే, గళ్ళను అకోలావారికి చూపి సరిచేయించి, వచ్చే తొలకరికి ముందే ఊళ్ళలో పంచవలె.