సూక్ష్మజీవుల సాక్ష్యం: యల్లాప్రగడ సుబ్బారావు

పెనుకొండ కోట క్రింద రాళ్ల నడుమ ఎండుగడ్డి కొరికి బ్రతికే గొఱ్ఱెకు పుష్టి ఎక్కడనుండి వస్తుంది? నెమరువేసే పశువులన్నిటికీ రూమెన్ అనే పెద్ద పొట్ట ఉంటుంది. అందులోని కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి ఆహారంగా మారుస్తవి. అంతటితో ఆగక బి-విటమినులను సయితం తయారుచేసి పశువుకు అందిస్తవి. వానిలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. మనిషికి ఇటువంటి పొట్ట లేదు. ఆ ఆమ్లం అన్నంలో కొరవడినా, అన్నంలో ఉండి పేగులు దానిని గ్రహించలేకపోయినా రక్తం క్షీణిస్తుంది. ఈ లోపానికి మందును ప్రయోగశాలలో నిర్మింపజేసినవాడు ఒక ఆంధ్రుడు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించినారు. చదువులో ఆయన మొదటినుండి మేటి కాదు. పదమూడవ ఏట, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడు కావాలని ఇల్లు విడిచి పారిపోగా పట్టి తెచ్చినారు. మెట్రిక్యులేషను మూడవ పర్యాయం గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహానికి గురైనందున యం.బి.బి.యస్.కు బదులు యల్.యం.యస్. పట్టాతో సరిపెట్టుకోవలసివచ్చినది. వీటన్నిటికంటె పెద్ద దెబ్బ వేరొకటి. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో కొద్దిరోజుల ఎడంలో మరణించినారు. ఆ వ్యాధిలో తిన్నది ఒంటపట్టదు, నోరు పూస్తుంది, రక్తం పలుచబడి మనిషి శుష్కించిపోతాడు. అప్పటి వైద్యానికి దాని మూలం తెలియదు.

1923లో భార్య శేషగిరిని విడిచి ఆయన అమెరికా చేరినారు. మరల స్వదేశం చూడలేదు. హార్వర్డులో చదువుకొంటూ ఆసుపత్రిలో సేవకుని పనులు చేసి పొట్టపోసుకొన్నారు. ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించినారు. అయినా హార్వర్డు స్థిరమైన ఉద్యోగమివ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లినారు. సోదరుల మృత్యువుకు సమాధానం అక్కడ దొరికినది.

పాండురోగులకు కాలేయసారం మేలు చేస్తుందని వైద్యులు ఎరుగుదురు. కాని దానిలో మేలుచేసే పదార్థం ఏది? ఎంత? కోడిపిల్లలకు తినిపించి చూడాలంటే వారాలు పడుతుంది. లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవి ఈ చిక్కు విడదీసినది. చక్కెర, లవణాలు, తెలిసిన విటమినులు అన్నీ కలిపిన ద్రవంలో వేసినా అది పెరగదు. ఇసుమంత కాలేయసారం చేరితే పెరిగి ద్రవాన్ని పులియజేస్తుంది. పులుపు ఎంతో కొలిస్తే ఆ పదార్థమెంతో రెండు మూడు దినాలలో తేలిపోతుంది. కొలబద్ద తానే ప్రాణి! కేసీ కనుక ఇది సాధ్యమైనది. రూమెన్ జీవులలో పెక్కు గాలి సోకితేనే చస్తవి. ప్రాణవాయువు చొరని నాళికలలో వానిని పెంచే ఉపాయాన్ని ఆ దశాబ్దంలోనే రాబర్ట్ హంగేట్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు రూపొందించినాడు.

కాలేయంలో ఆ పదార్థం అత్యల్పం. లెడర్లీలో మరొక సూక్ష్మజీవిని ద్రవంలో పెంచి, అది విడిచిన దానినుండి అటువంటి పదార్థాన్నే రాబట్టినారు. దానిని విడగొట్టి, భాగాలను గుర్తించి, తిరిగి అతికించి 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా నిర్మించినారు. ఆ ప్రకటనపై పలువురి పేర్లున్నవి, నడిపించినవారు సుబ్బారావు. టామ్ స్పైస్ అనే వైద్యుడు దానిని రోగులకిచ్చి చూడగా స్ప్రూ పీడితులు కోలుకొన్నారు. ఆ రెండు చావులు సంభవించి అప్పటికి చాలా ఏండ్లు గడిచినవి.

ఇది సర్వరోగనివారిణి కాదు. ఒక జాతి పాండురోగంలో రక్తం బాగుపడినా నరాల క్షయం ఆగలేదు. దానికి కావలసిన బి-12 విటమినును 1948లో వేరొక సంస్థవారు పట్టుకొన్నారు. దానిని కూడా సూక్ష్మజీవులే తయారుచేస్తవి; మేతలో కోబాల్టు ఉంటే గొఱ్ఱె పొట్టలోనూ తయారవుతుంది. ఫోలిక్ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి లెడర్లీవారు చేసిన అమినోప్టెరిన్, రక్తపు క్యాన్సరు సోకిన బాలురలో రోగాన్ని కొంతకాలం అణచినట్లు 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించినాడు. బోదకాలు క్రిములను చంపే హెట్రజాన్, డగ్గర్ మట్టిజీవినుండి తీసిన ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు పర్యవేక్షణలో వెలువడినవే.

ఆ సంవత్సరమే ఆగస్టులో, ఏబదిమూడవ ఏట, నిద్రలోనే ఆయన కన్నుమూసినారు. అమెరికా పౌరసత్వం ఎన్నడూ స్వీకరించలేదు. మురుగునీటి వడపోత తొట్ల జిగురులో దొరికిన ఒక కొత్త బూజుజాతికి 1953లో సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టినారు.