ఖండపడా జ్యోతిర్విదుడు

ఏకాదశి నేడా రేపా యని పంచాంగకర్తలు వాదులాడుట మన పాఠకులకు క్రొత్త గాదు. ఇట్టి వివాదమునకు తీర్పరి గ్రంథముగాదు, ఆకాశమే యని జీవితమంతయు చాటిన మహనీయుని నేడు స్మరింపగోరుచున్నాము.

సామంత చంద్రశేఖరుడు మనకు పొరుగైన ఉత్కళదేశమున, ఖండపడా రాజవంశమున, 1835 వ సంవత్సరము డిసెంబరు 13 వ తేదీన జన్మించెను. ఓఢ్రులు ఆయనను పఠాణి సామంతుడని పిలుచుకొందురు. బాల్యముననే బంధువొకడు ఆయనకు నక్షత్రములను చూపించెను. అంతట పుట్టిన ఆసక్తిచే, ఇంటనున్న సంస్కృత గ్రంథములే గురువులుగా గణితము నభ్యసించెను. పదునైదేండ్ల ప్రాయమున గణితము చెప్పిన వేళకు, చెప్పిన తావున గ్రహములు కానరాకుండుట గమనించెను.

పలువురు పండితులు గ్రంథమును సమర్థించి ఊరకుందురు. ఆయన ఆరుబయట నిలిచి తానే కొలువ నారంభించెను. వెదురుతోను కఱ్ఱతోను యంత్రములను స్వయముగా కల్పించుకొనెను. వానిలో మానయంత్రము ప్రసిద్ధము: ఒక కఱ్ఱకు మఱియొక కఱ్ఱను అడ్డముగా బిగించి, మొదటిదాని కొనను కంటికడ నుంచి, అడ్డుకఱ్ఱ గుర్తులతో కోణమును నిర్ణయించును. ఆయనకు ఇంగ్లీషు రాదు; దూరదర్శిని లేదు; ఈ పనికై నియమించినవాడును లేడు. రాత్రులు మేల్కొన్నందుకు లభించిన వేతనము ఆనందమే. ఇట్లు చంద్రగతికి తుంగాంతరము, పాక్షికము, దిగంశము అను మూడు సంస్కారములను కనుగొనెను. పాశ్చాత్యు లంతకుముందే వీని నెఱుగుదురు గాని, ఆ సంగతి ఆయన యెఱుగడు. 1874 లో శుక్రుడు సూర్యబింబమును దాటుటయు గాంచెను.

ఈ కృషిఫలమగు సిద్ధాంతదర్పణము, యోగేశచంద్రరాయల ఆంగ్ల పీఠికతో 1899 లో కలకత్తాయందు ముద్రితమయ్యెను. 1893 లోనే ప్రభుత్వము మహామహోపాధ్యాయ బిరుదమిచ్చియుండెను. అంతకంటె గొప్ప గౌరవము పూరీలో లభించినది: జగన్నాథుని ఉత్సవకాలములకు ఆయన గణితమే ప్రమాణమయ్యెను. 1904 లో ఆయన పరమపదించెను.

గ్రహములు రవిని చుట్టుననియు, రవి భూమిని చుట్టుననియు ఆయన నమ్మెను. అది పొరపాటే. దేశాభిమానముచే దానిని మఱుగుపఱచుట ఆయన మార్గమునకే ద్రోహమని మా యభిప్రాయము. కన్నదానిని కన్నట్లు చెప్పుటయే గదా ఆయన వ్రతము.

అమావాస్యనాటి యాకాశము జమీందారునకును పాలేరునకును సమానమే. పాఠకులు ఈ రాత్రి పంచాంగమును చేతబట్టి మేడయెక్కి, గురుడో శనియో అందు చెప్పిన రాశియందున్నాడో లేదో చూతురుగాక. ఆ యానందమునకు వెల లేదు.