ఒక్క ఓటుతోని తప్పించుకున్న ప్రెసిడెంటు, వదలని వలస పోరడు

అమెరికల ఉన్న మనోళ్లు ఫోన్ చేస్తె జీతం ముచ్చట, వీసా ముచ్చట అయినంక అక్కడి రాజకీయం ముచ్చట తీస్తరు. వినేటోళ్లల్ల ఒక్కరన్న అంటరు, బతకపోయినోనికి రాజకీయం ఎందుకు, సప్పుడు చెయ్యకుంట పని చేసుకోవాలె గద అని. దుబాయికి పోయినోనికి, బొంబాయికి పోయినోనికి గూడ గిదే సుద్ది చెప్తరు. ఆ సుద్ది వినని వలస పోరడు ఒకడు నూటయాభై ఏండ్ల కింద అమెరికల ఉండె. పేరు థామస్ నాస్ట్. ఆయన మంచి చెప్పుకుందాం, చెడు గూడ దాచకుంట చెప్పుకుందాం.

నాస్ట్ 1840లో జర్మనీ దిక్కు లాండౌ అనే ఊర్ల పుట్టిండు. నాయిన పట్టాలం బ్యాండుల బాకా ఊదేటోడు. 1846లో తల్లి పిల్లలను ఎంటవెట్టుకొని న్యూయార్క్ చేరింది. బడిల చదువు అబ్బలే. చదువుడు, రాసుడు ఆయనకు బతికినన్ని రోజులు కష్టమే. పెండ్లయినంక భార్య సారా పక్కన కూసోని చదివి వినిపిస్తుంటె ఆయన బొమ్మ గీసెటోడు. పదిహేనేండ్లకే ఒక బొమ్మల పత్రికల కొలువు కుదిరింది. 1862 నుంచి హార్పర్స్ వీక్లీల పక్కా కొలువు. అప్పట్ల పేపర్ల ఫోటోలు వేసే పద్ధతి లేదు. కట్టె పలక మీద గీసిన బొమ్మను చెక్కి అచ్చు కొట్టేది. అక్షరం రానోళ్లకు గూడ ఆ బొమ్మ సమజయ్యేది.

అప్పుడు దేశంల బానిసత్వం మీద అంతర్యుద్ధం నడుస్తున్నది. నాస్ట్ లింకన్ దిక్కు నిలవడ్డడు. 1865 ఏప్రిల్‌ల లింకన్‌ను కాల్చి చంపిండ్రు. కుర్చీ మీదికి ఉపాధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వచ్చిండు. ఆయన గూడ బడి మొఖం చూడనోడే, దర్జీ పని చేసి పైకి వచ్చినోడే. గని ఒకప్పుడు తనే బానిసలను ఉంచుకున్నడు. గెలిచిన యుద్ధాన్ని ఓడినోళ్ల చేతిల పెట్టుడు మొదలు పెట్టిండు. తిరుగుబాటు చేసిన దొరలకు మాఫీలు ఇచ్చిండు. నల్లజాతోళ్లకు పౌరహక్కులు ఇచ్చే బిల్లును 1866లో వీటో చేసిండు. పార్లమెంటు ఆ వీటోను తోసేసి చట్టం చేసింది. అదే ఏడు మెంఫిస్‌ల, న్యూ ఆర్లీన్స్‌ల తెల్ల గుంపులు నల్లోళ్లను పదులకొద్ది చంపినయి. చంపినోళ్లల్ల పోలీసోళ్లు గూడ ఉన్నరు.

న్యూ ఆర్లీన్స్ రక్తం ఆరకముందే, 1866 సెప్టెంబర్ 1 నాటి సంచికల నాస్ట్ పెద్ద బొమ్మ వేసిండు. షేక్స్‌పియర్ నాటకంల దోస్తు లెక్క పక్కనే ఉండి కొంప ముంచే ఇయాగో అనేటోడుంటడు. జాన్సన్‌ను ఆ ఇయాగో లెక్క, యుద్ధంల దెబ్బ తిన్న నల్ల సిపాయిని మోసపోయిన ఒథెల్లో లెక్క గీసిండు. చుట్టూత ఆ రెండు ఊర్ల హత్యలు. ఆ నవంబర్‌ల జాన్సన్‌కు రాజు కిరీటం పెట్టిండు, ఎదురు మాట్లాడినోళ్లు తలలు నరికించుకునేటందుకు లైన్ల నిలవడ్డట్టు గీసిండు. రాజులు వద్దనుకున్న దేశంల ప్రెసిడెంటును రాజు అనుడు మామూలు తిట్టు కాదు. ఆ ఎన్నికలల్ల జాన్సన్ ఎదిరి పక్షం రెండు సభలల్ల మూడిట్ల రెండొంతులకు మించి గెలిచింది. అంతా బొమ్మల పుణ్యమే అంటె అబద్ధం, గని బొమ్మల పాత్ర లేదంటె అదీ అబద్ధమే.

ఇగ ఇంపీచ్‌మెంట్. మన పేపర్లల్ల అభిశంసన అని రాస్తరు. కింది సభ నేరం మోపాలె, దానికి సగం దాటితె చాలు. పై సభ సెనేటు కోర్టు లెక్క విచారించాలె. కుర్చీ దింపాలంటె మూడిట్ల రెండొంతుల ఓట్లు పడాలె. యుద్ధ మంత్రి స్టాంటన్‌ను సెనేటు ఒప్పుకోకున్నా జాన్సన్ తీసేసిండు. అది అప్పటి చట్టానికి అడ్డం. 1868 ఫిబ్రవరి 24న కింది సభ 126-47తోని నేరం మోపింది. అమెరికల ఒక ప్రెసిడెంటు మీద ఇట్ల చేసుడు అదే మొదలు. మే నెలల సెనేటుల 54 మంది ఓటేసిండ్రు. 36 కావాలె, 35 పడ్డయి. ఒక్క ఓటు తక్కువై జాన్సన్ కుర్చీ మీదనే ఉన్నడు. 1998లో క్లింటన్, 2019లో, 2021లో ట్రంప్, అందరి మీద నేరం మోపిండ్రు, ఎవర్నీ దింపలేకపోయిండ్రు.

మరి నాస్ట్ ఓడిపోయిండా? చట్టం లెక్కల జాన్సన్ బయటపడ్డడు. గని ఆ ఏటి ఎన్నికలల్ల పోటీకి సొంత పార్టీ గూడ టికెట్ ఇయ్యలే. 1871లో నాస్ట్ న్యూయార్క్ ఖజానా మింగిన ట్వీడ్ ముఠా మీద పడ్డడు. ట్వీడ్ జైలు నుంచి పారిపోయి స్పెయిన్‌ల దొరికిండు, నాస్ట్ గీసిన బొమ్మను చూసే గుర్తు పట్టిండ్రు.

గిక్కడిదాక చప్పట్లు కొట్టొచ్చు. ఇగ చెడు. తను వలసొచ్చినోడే అయినా, ఆకలికి ఓడ దిగిన ఐర్లండ్ కూలోళ్లను కోతి మొఖాలతోని గీసిండు. చైనా కూలీల మీద గుంపులు దాడికొస్తె మాత్రం వాళ్ల దిక్కు నిలవడి బొమ్మ వేసిండు. అన్నిటికన్న బాధ 1874 మార్చి బొమ్మ. దక్షిణాదిల ఓట్లతోని గెలిచి సభల కూసున్న నల్ల సభ్యులను అరుచుకునే, కొట్లాడే తెలివి లేనోళ్ల లెక్క చూపెట్టిండు. ఎవల హక్కు కోసం ప్రెసిడెంటునే ఇయాగో అన్నడో, వాళ్లు కుర్చీల కూసునేసరికి ఆయన పెన్సిలే వాళ్లను ఎక్కిరించింది. ఆ ఎక్కిరింపు వాళ్ల ఓటు గుంజుకునేటోళ్లకే పనికొచ్చింది.

తర్వాత 1884లో ఒక కంపెనీ దివాలా తీసి నాస్ట్ పైసలు మునిగినయి. హార్పర్స్ కొలువు పోయింది. బతుకుదెరువుకు 1902లో ఈక్వెడార్‌ల అమెరికా కాన్సుల్‌గ పోయి, ఆ డిసెంబర్‌ల పచ్చ జ్వరంతోని సచ్చిపోయిండు. వలసతోని మొదలైన బతుకు వలసలనే ఒడిసింది.

తమ్మీ, చెల్లె, ఇయ్యాల నాస్ట్ పెన్సిల్ మీ ఫోన్ల ఉన్నది. సర్పంచ్ మీద, మంత్రి మీద, ప్రెసిడెంటు మీద మీమ్ చేస్తున్నరు. చెయ్యుండ్రి. బతకపోయినోడైనా, బడికి పోనోడైనా రాజ్యాన్ని అడగొచ్చు. గని కొత్తగ వార్డు మెంబరైన దళిత అక్క మాట తడవడ్డ వీడియో వస్తె, పంపే ముందు ఒక్క నిమిషం ఆగుండ్రి. 1866 నాస్ట్ పని చేస్తున్నమా, 1874 నాస్ట్ పని చేస్తున్నమా, చూసుకోండ్రి.