బఠాణీమడిలో వంశసూత్రము: గ్రెగర్ మెండెల్ జీవితము

గ్రెగర్ మెండెల్ 1822వ సంవత్సరము జూలై నెలలో, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని హైన్‌జెండార్ఫ్ అను పల్లెలో, ఒక సామాన్య కృషీవలుని యింట జన్మించెను. ఆ పల్లె నేడు చెక్ దేశమున నున్నది. ఆ సీమలో చెక్, జర్మన్ భాషలు రెండును ఇరుగుపొరుగున నుండెడివి. మెండెల్ ఇంటి భాష జర్మన్. ఇంట నొక భాష, వీధి నొక భాష గల మన పాఠశాల బాలబాలికల కిది వింత కాదు.

తండ్రి పండ్లచెట్లకు అంటు కట్టుటలో నేర్పరి. కుమారుడు ఆ విద్యను చిన్ననాడే యభ్యసించెను. 1838లో వెట్టిపని చేయుచుండగా చెట్టుదుంగ మీదపడి తండ్రి మిక్కిలి గాయపడెను. చదువు ఆగిపోవు సమయమున చెల్లెలు థెరీసియా తన కట్నమునకై యుంచిన భాగమునుండి కొంత అన్న కిచ్చెను. ఆడపిల్ల సొమ్ముతో అన్నలు చదివిన కథలు మన యిండ్లలోను కలవు. ఆ ఋణమును తీర్చినవారు మాత్రము అరుదు. మెండెల్ తీర్చెను. తరువాతి కాలమున ఆమె ముగ్గురు కుమారుల చదువునకు తాను తోడ్పడెను.

1843లో బ్రున్ పట్టణమునందలి అగస్టీనియన్ మఠమున చేరెను. నేడు ఆ పట్టణమును బ్రునో అందురు. మఠాధిపతి ఆయనను బోధనకు పంపెను. ఉపాధ్యాయ పరీక్షకు 1850లో కూర్చుండి తప్పెను. పిమ్మట రెండేండ్లు వియన్నా విశ్వవిద్యాలయమున భౌతిక, వృక్షశాస్త్రములను, గణితమును చదివెను. 1856లో మరల పరీక్షకు పోయి, పూర్తి చేయకయే తిరిగి వచ్చెను. అందుచే ఆయన బోధించినంతకాలము తాత్కాలికోపాధ్యాయుడుగనే యుండెను!

ఆ సంవత్సరముననే మఠపు తోటలో బఠాణీ ప్రయోగములు ఆరంభమయ్యెను. ఎనిమిదేండ్లలో ఇరువదియేడు వేలకు పైగా మొక్కలను పెంచి పరిశీలించెను. బఠాణీ పుష్పము తన పుప్పొడితో తానే ఫలించును. కావున మొగ్గను విప్పి, కేసరములను తీసివేసి, వేరొక మొక్క పుప్పొడిని చేతితో అద్దవలెను. గింజ నునుపా ముడుతలా, మొక్క పొడుగా పొట్టియా అను ఇట్టి ఏడు లక్షణములను మాత్రమే ఆయన యెన్నుకొనెను. అన్నిటిని ఒక్కసారి చూచిన ఏదియు తేలదని గ్రహించుటయే ఆయన ప్రజ్ఞ యని నా అభిప్రాయము.

పొడుగు మొక్కను పొట్టి మొక్కతో సంకరము చేయగా పుట్టినవన్నియు పొడుగే. వానిని తమంతట ఫలింపనిచ్చి ఆ గింజలను నాటగా 1064 మొక్కలలో 787 పొడుగు, 277 పొట్టి. మాయమైన పొట్టితనము మనుమల తరమున మరల వచ్చెను! ఇంచుమించు మూటికి ఒకటి. ప్రతి లక్షణమునకు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, రెండు కారకము లుండుననియు, అవి ఒకదానిలో నొకటి కరగిపోక, బీజమేర్పడునపుడు మరల విడిపోవుననియు ఆయన నిర్ణయించెను. ఆ కారకములనే మనమిపుడు జన్యువు లనుచున్నాము.

1865 ఫిబ్రవరి, మార్చి నెలలలో బ్రున్ ప్రకృతిశాస్త్ర సంఘమున ఈ విషయమును చదివెను. మరుసటి యేడు అది అచ్చయ్యెను. పట్టించుకొన్నవారు లేరు. మ్యూనిక్ పండితుడు నేగెలీకి వ్రాసెను; ఆయన పరిశోధించు హాక్‌వీడ్ అను గడ్డిపూలమొక్కలతోను మెండెల్ ప్రయోగములు చేసెను. ఆ మొక్కలలో బఠాణీ లెక్క కుదరలేదు. అవి పెక్కుమారులు ఫలదీకరణము లేకయే తల్లిని పోలిన గింజను కట్టునని ఆనాడెవ్వరికిని తెలియదు.

1868లో మఠాధిపతి యయ్యెను. మఠములపై 1874లో వచ్చిన పన్నును చెల్లింపనని పట్టుపట్టి, చివరి యేండ్లు ఆ వివాదముననే గడపెను. 1884 జనవరి 6న మరణించెను. 1900లో డి వ్రీస్, కోరెన్స్ మొదలగువారు అవే ఫలితములకు వచ్చి, పాత వ్యాసమును వెలికి తీసిరి.

వరియు బఠాణీవలెనే స్వయముగా ఫలించు పైరు. 1962లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థలో ఇండోనీషియా పొడుగు వరి పేటాను, తైవాన్ పొట్టి వరి డీ-జియో-వూ-జెన్‌తో సంకరము చేయగా, మనుమల తరమున నాలుగింట నొకటి పొట్టిగా వచ్చెను. బ్రున్ తోటలోని లెక్కయే! అందుండి 1966లో ఐఆర్-8 వెలువడెను. ఎరువు వేసినను పడిపోని ఆ వరిని మరుసటి యేడే పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించెను.

దిగుబడి మాత్రము ఒక్క జన్యువు పని కాదు. పిలకల సంఖ్య, వెన్నుకు గింజలు, గింజ బరువు, వీనిలో నొక్కొక్కదానిని అనేక జన్యువులు నడుపును. వేర్వేరు తల్లిదండ్రుల కలయికచే వచ్చు అధికబలమును వాడుకొనునదే సంకర వరి. చైనాలో 1976 నుండి అది విస్తారముగా సాగయ్యెను. మన దేశమున 1994లో ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రములలో తొలి సంకర వంగడములు విడుదలయ్యెను. కాని ఆ పంటనుండి విత్తనము దాచి చల్లిన జన్యువులు విడిపోయి చేను ఎగుడుదిగుడగును, దిగుబడి తగ్గును. అందుచే రైతు ఏటేట విత్తనము కొనవలసినదే.

ఈ కట్టును తప్పించుటకు శాస్త్రజ్ఞులు మెండెల్‌ను ఓడించిన హాక్‌వీడ్ గుణమునే వరిలో కోరుచున్నారు. 2019లో చైనా, అమెరికా దేశములలో రెండు బృందములు జన్యువులను సవరించి, ఫలదీకరణము లేకయే తల్లిని పోలిన విత్తనమును కట్టు వరిమొక్కలను, కొద్దిపాళ్లలోనే యైనను, సాధించిరి.