జెనీవాకు దావ మన టేసన్ గడప మీంద నుంచే

తనకల్లు నుంచి కదిరికి పొయ్యే రోడ్డు మీద అప్పుడప్పుడు ‘హ్యూమన్ రైట్స్’ అని ఎర్రక్షరాలతో రాసుకున్న కార్లు కనపడతాంటాయి. లోపల కూసున్నోళ్ల మెడలో గుర్తింపు కార్డులు. దుడ్లు కట్టి తెచ్చుకున్న కార్డులు గూడా అందులో ఉంటాయి. టోల్‌గేటు కాడ, ఆఫీసుల కాడ చూపించుకునేదానికి తప్ప అవి ఎవురికీ అక్కరకు రావు. ఇంగోపక్క లా చదివే మన పిల్లోళ్లు కొందరు, అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థల్లో వాలంటీర్లుగా పనిచెయ్యాలంటే ఎట్ల అని నన్ను అడుగుతాంటారు. వాళ్ల ఆశ మంచిదే. ఆ పని యాడ మొదులవుతాదో తెలియాలంటే మాత్రం బాలగోపాల్ బతుకు తెలుసుకోవాల.

కందాళ బాలగోపాల్ 1952 జూన్ 10న బళ్లారిలో పుట్టినాడు. అప్పటికి బళ్లారీ, మన అనంతపురమూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. మన జిల్లా పండితుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మకు ఆయన మనవడు. చదివింది లెక్కలు. తిరుపతిలో డిగ్రీ, వరంగల్లు ఆర్‌ఈసీలో పీహెచ్‌డీ చేసి, 1981లో కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేదానికి చేరినాడు. ఆ నౌకరీలోనే ఉండిపోయింటే ప్రొఫెసరై, పెన్షన్ తీసుకోని, నెమ్మదిగా బతికేటోడు.

అప్పటి వరంగల్లు నెమ్మదిగా బతకనిచ్చే ఊరు కాదు. ఎన్‌కౌంటర్ అనే మాట దినామూ పేపర్లో వస్తాండే కాలం అది. 1974లో శ్రీశ్రీ అధ్యక్షుడుగా మొదలైన పౌరహక్కుల సంఘానికి బాలగోపాల్ 1983లో కార్యదర్శి అయినాడు. 1985లో నౌకరీ ఇడిసిపెట్టినాడు. అదే సంవత్సరం వరంగల్లులో సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథంను కాల్చి సంపినారు. బాలగోపాల్ జైలుకు పోయినాడు. 1989లో ‘ప్రజాబంధు’ అని పేరు పెట్టుకున్న ముఠా ఆయన్ను ఎత్తకపోయింది. ఇడిసిపెట్టినంక ఆయన మళ్లా అదే పనిలోకి పోయినాడు.

ఆ పనేందో చెప్పాల. యాడన్నా మనిషిని సంపినారని తెలిస్తే ఇద్దరో ముగ్గురో కలిసి బస్సెక్కి పోతారు. సచ్చినోని ఇంటికి పోతారు, పక్కింటోళ్లను అడుగుతారు, పోలీసోళ్లనూ అడుగుతారు. రెండుపక్కలా యిన్నంక, తేలినంత మటుకే రాస్తారు. తేలనిదాన్ని తేలిందని రాయరు. దాన్ని అచ్చేసి కింద తమ పేర్లు పెడతారు. ఛార్జీలు సొంత జేబులోవి. దీన్నే నిజనిర్ధారణ అంటారు. లెక్కల మాస్టరు కాబట్టేమో, బాలగోపాల్‌కు మెట్టు తప్పకుండా పొయ్యేది అలవాటు.

ఇంతకన్నా కష్టమైన పని ఆయన తనోళ్ల మధ్యనే చేసినాడు. పోలీసు సంపితే తప్పని చెప్పే సంఘం, నక్సలైట్లు పేదోన్ని ఇన్‌ఫార్మర్ అని సంపితే ఏమనాల? అదీ తప్పేనని గట్టిగా అనాలన్నాడు. హక్కు అనేది మన పక్కనుండే మనిషికే కాదు, మనిషైన ప్రతోనికీ ఉంటాదని వాదించినాడు. దీనిమీద యేండ్ల తరబడి చర్చ జరిగింది. కడాకు 1998లో బయటికొచ్చి కొందరితో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టినాడు. పదిహేనేండ్ల స్నేహాలు తెగేది చిన్న సంగతి కాదు. ఫ్యాక్షన్ రాజ్యమేలిన మన సీమలో ఈ మాట ఇంగా బరువైంది. మన వర్గమోడు సస్తే ఘోరం, అవతల వర్గమోడు సస్తే లెక్క సరిపాయ అనుకుంటా పెరిగినోళ్లం మనం. ఫ్యాక్షన్ మీదా, మన కరువు మీదా ఆయన చానా రాసినాడు.

నలభై యేండ్లు దాటినంక లా చదివి హైకోర్టు వకీలైనాడు. పేదోళ్ల కేసులు, ఆదివాసీల భూముల కేసులు, పోలీసు కస్టడీ సావుల కేసులు ఆయన కాడికి వచ్చేవి. ఫీజు కోసరం వకీలైన మనిషి కాదు. ఫారిన్ ఫండ్స్ జోలికీ ఆయన సంస్థ పోలేదు.

అంతర్జాతీయ న్యాయం మన ఊరికి ఎట్లొస్తాదో ఆయన వాదించిన ఒక కేసులో కనపడతాది. మానవ హక్కుల ప్రకటన 1948 డిసెంబరు 10న వచ్చింది. బతికే హక్కును ఎవురూ ఇష్టమొచ్చినట్ల తీసెయ్యగూడదనే అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. మన రాజ్యాంగం 21వ అధికరణమూ అదే అంటాది. మరి ఎన్‌కౌంటర్ జరిగినప్పుడు స్టేషన్లో ఏం రాస్తాండ్రి? సచ్చినోని మీద హత్యాయత్నం కేసు రాస్తాండ్రి. ముద్దాయి సచ్చిపోయినాడని కేసు మూసేస్తాండ్రి. కాల్చినోని పేరు యాడా ఉండదు. అంత పెద్ద ఒడంబడిక ఒక ఎఫ్‌ఐఆర్ కాగితం కాడ ఆగిపోతాండె.

దీనిమీద పౌరహక్కుల సంఘం ఏసిన కేసులో వాదించిన వకీళ్లలో బాలగోపాల్ ఒకడు. 2009 ఫిబ్రవరి 6న ఐదుగురు జడ్జీల హైకోర్టు బెంచి తీర్పిచ్చింది. పోలీసు చేతిలో మనిషి సస్తే, సంపినోళ్ల మీద ఎఫ్‌ఐఆర్ రాయాల. ఆత్మరక్షణ కోసరం కాల్చినామనేది కోర్టులో రుజువు చేసుకోవాల్సిన మాట, స్టేషన్లో తేల్చుకునేది కాదు. సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. అదే యేడు అక్టోబరు 8న బాలగోపాల్ సచ్చిపోయినాడు. యాభై ఏడేండ్లే. 2014లో సుప్రీంకోర్టు ఇంగో కేసులో ఎన్‌కౌంటర్ సావులకు ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు ఉండాలని నియమాలు పెట్టింది. అది చూసేదానికి ఆయన లేడు.

వాకపల్లి కేసూ అట్లాంటిదే. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలో పదకొండుమంది ఆదివాసీ ఆడోళ్లు పోలీసు బలగాల మీద అత్యాచార ఫిర్యాదు చేసినారు. బాలగోపాల్, ఆయన వేదిక వాళ్ల పక్కన నిలబడినారు. ఆయన పోయినంకా కేసు నడిచింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు పోలీసోళ్లను నిర్దోషులనింది. దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని చెప్పి ఆ ఆడోళ్లకు పరిహారం ఇయ్యమనింది. పదహైదేండ్లు దాటినంక దొరికిన ఈ సగం న్యాయం గూడా, ఆ ఆడోళ్లు ఎనకడుగు ఎయ్యనందుకే, వాళ్ల తట్టు కొందరు కడదాకా నిలబడినందుకే వచ్చింది.

మన తనకల్లు, కదిరి తట్టు అంతర్జాతీయ కేసులు లేవా? శనక్కాయ ఎండిపోయి, బోర్లు ఇంకిపోయి, కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడబిడ్డలు ఎంతమంది! పాస్‌పోర్టు సేటు బీరువాలో, జీతం రేపు మాపు. 2015లో కువైట్ ఇంటిపనోళ్ల కోసరం చట్టం తెచ్చింది. వారానికొక దినం సెలవు ఇయ్యాల, పాస్‌పోర్టు యజమాని పెట్టుకోగూడదు అనేటివి అందులో ఉండాయి. ఆ సంగతి పొయ్యే బిడ్డకు చెప్పేటోడు మన ఊర్లలో లేడు. ఇంటిపనోళ్ల కోసరం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒప్పందంలో మన దేశమూ ఇంగా చేరలేదు.

నేను లా చదివినోన్ని కాదు. అర్జీలు రాసి రాసి నేర్చుకున్నోన్ని. ఏజెంటు పేరు, ఫోను నంబరు, ఇచ్చిన దుడ్లు, ఎగిరిన తేదీ, ఈ నాలుగూ కాగితం మీద ఉంటే సగం కేసు గెలిచినట్లే. ఫిర్యాదు చేసినోనికి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉత్తగా ఇయ్యాల, అది చట్టం. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు లీగల్ సర్వీసెస్ వకీలు ఉత్తగా వస్తాడు, అదీ 1987 చట్టమే. ఈ రెండు మాటలు తెలియకనే ఎంతోమంది గడపలోనే తిరుక్కోని వస్తాండారు.

లా చదివే పిల్లోళ్లు నెలకొక ఆదివారం ఇయ్యండి చాలు. కువైట్ నుంచి వచ్చినోళ్ల, పోయి రానోళ్ల ఇండ్లకు పోయి రాయండి. తేలినంతే రాయండి. కింద మీ పేరు పెట్టండి.